వంద దగ్గర ఆపిన లెక్క

ఇన్నేళ్లూ దీన్ని గుండెల మీద మోశాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను, కానీ నా మీద జాలి పడొద్దు. జాలి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాగార్జునసాగర్ కడుతున్న రోజులు. గురజాల దగ్గర ఒక హైస్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. ప్రతి సోమవారం వరండా బోర్డు మీద ఒక పెద్ద సంఖ్య, దాని కింద దాని విశేషం రాసి సంతకం పెట్టేవాణ్ణి. శనివారం దాకా దాన్ని ఎవరూ చెరపకూడదు. ఒక సోమవారం 1000001 రాశాను. పది లక్షల ఒకటి. ఒకటీ, తానూ తప్ప దీన్ని మరే సంఖ్యా శేషం లేకుండా భాగించదని రాశాను. మూడు, ఏడు, పదకొండు, అలా తొంభై ఏడు దాకా చూశాను మరి. ఏదీ పోలేదు. మేం క్లాసులో చేయించే నాలుగంకెల సంఖ్యలకు వంద దాకా చూస్తే చాలు. ఆ అలవాటుకొద్దీ ఈ ఏడంకెల దానికీ అక్కడే ఆపాను. బుద్ధి గడ్డి తిన్నది.

మార్తమ్మ టీచర్‌ది బెల్లంకొండ వైపు. మిరప చేలల్లో కూలికి పోయే ఇంటి నుంచి చదువుకుని వచ్చి, మా దగ్గర టెంపరరీగా చేరింది. ఆమె జీతం మీదే ఇల్లంతా బతికేది. స్టాఫ్ రూములో అందరి ముందూ అంది.

“మాస్టారూ, అది నూట ఒకటితో పోద్దండీ.”

“ఏందమ్మా నువ్వు నాకు చెప్పేది? వంద దాకా చూశా.”

“వంద కాడ ఆపితే ఎట్టా అండీ? వెయ్యిని వెయ్యితో హెచ్చేస్తే గదా పది లక్షలు, వెయ్యి దాకా చూడాల. నూట ఒకటిని తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటితో హెచ్చేయండి, మీకే తెలుస్తది.”

డ్రిల్లు మాస్టారు పకపకా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కూలోళ్ల ఇంటి పిల్ల నాకు లెక్క దిద్దడమా! అవును, అలాగే అనుకున్నాను. ఆ మాట దాచిపెడితే ఇక నేను ఒప్పుకుంటున్నదేమిటి?

వేసవి సెలవుల ముందు హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఆమెను ఉంచాలా వద్దా, లెక్కలు ఎలా చెబుతోందో రాసిమ్మన్నాడు. ‘లెక్కల్లో పరిజ్ఞానం చాలదు’ అని రాశాను. ఒక్క ముక్క. ఆమెను తీసేశారు. కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్కూలు తెరిచాక ఒకరోజు వచ్చి, తన తరఫున హెడ్మాస్టరుతో ఒక మాట చెప్పమని నన్నే బతిమాలింది. సరేనన్నాను. చెప్పలేదు. ఆ శీతాకాలం బస్సులో పోతూ ఆమెను చూశాను, కూలీల వరసలో వంగి మిరపకాయలు కోస్తోంది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. ఎందుకు? ఏం చేసిందని? ఏదో కోపంలో చెయ్యి జారిందని ఇన్నాళ్లూ నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె అన్న రోజే ఇంటికెళ్లి, తలుపేసుకుని, ఆమెది తప్పు కావాలని కోరుకుంటూ నాలుగుసార్లు హెచ్చేశాను. నాలుగుసార్లూ పది లక్షల ఒకటే వచ్చింది.

క్షమించమని మిమ్మల్ని అడగను, ఆమె తరఫున క్షమించడానికి మీరెవరు? చెప్పేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఆమె లెక్క రైటని తెలిసే ఆ ముక్క రాశాను.