ఇత్తడి రేకు మీది నలుపు

ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో జరిగిన గన్ షోలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ ఒకటి కొన్నాను. భాగాలన్నీ అసలైనవో కాదో తేల్చుకోవడానికి మూడు వారాలు భూతద్దం పట్టుకుని కూర్చుని, భాగానికొక పేజీ చొప్పున డైరీలో రాసుకున్నాను. భుజానికి ఆనించే చివరనున్న ఇత్తడి రేకు పేజీలో "ఎనభై ఏళ్ల నలుపు. తుడవరాదు" అని రాసి, కింద గీత గీశాను.

పాత తుపాకుల సంగతి బాగా తెలిసిన మా పక్కింటి అమెరికన్ పెద్దాయన శనివారం చూడటానికి వచ్చాడు. రైఫిల్ పెట్టె తెరిస్తే రేకు తళతళలాడుతోంది.

"నేనే తోమానండీ. గెస్ట్ వస్తుంటే అంత మురికి వస్తువు చూపిస్తారా? పది నిమిషాలు చింతపండు రుద్దానంతే," అంది మా ఆవిడ.

పెద్దాయన నా భూతద్దం అడిగి తీసుకుని, రేకు మూలన బయటపడ్డ చిన్న అక్షరాలు చదివాడు. అది పాత తుపాకులకు ఇప్పుడు కొత్తగా విడిభాగాలు చేసి అమ్ముతున్న ఒక కంపెనీ ముద్ర. ఆ నలుపు, పాతదిగా కనిపించాలని ఎవరో పూసిన రంగు.

"మిగతావి కూడా మళ్లీ చెక్ చేసుకోవాలి," అన్నాడాయన ఇంగ్లీషులో.

"చింతపండు ఇంకా సగం గిన్నె ఉంది," అంది మా ఆవిడ.

నేను రైఫిల్‌ను బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాను.