కిటికీకి కట్టిన తాళ్ళ నిచ్చెన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా పేరు రత్నమ్మ, మార్కాపురంలో రాతి పలకలకు చెక్క చట్రాలు బిగించే పని నాది, ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు వాక్యం చెప్పే భాగ్యం కూడా దేవుడు నాకిచ్చాడు. ఆయన నన్ను మంటలోనుంచి దించాడు, అంతకంటె ఎక్కువగా, ఆ మంట రాకముందే నన్ను ఏళ్ళ తరబడి లోపల్లోపల కాల్చిన భయంలోనుంచి దించాడు, అది చెప్పకుండా నోరు మూసుకుంటే ఈ మన గుడి గోడలే నన్ను నిలదీస్తాయి!

గిద్దలూరులో మా అక్క ఒక మేడగదిలో కాపురముండేది. ఒక ఎండాకాలం కింద గడ్డివామి అంటుకుని, ఆ మంట చెక్క మెట్లకు పాకింది, మా అక్క పైన చిక్కుకుపోయింది. జనమంతా వీధిలో చేరి దూకమని అరిచారట, ఆమె కిటికీ దాకా వచ్చి, కిందికి చూసి, అంత ఎత్తునుంచి దూకలేక వెనక్కి పోయిందట. వెనక్కి పోయిన మనిషి మళ్ళీ కిటికీలో కనపడలేదు. మంట ఆమెను తాకనేలేదు, పొగే తీసుకుపోయింది. నేను ఆ దినం అక్కడ లేను, అయినా కిటికీ దాకా వచ్చి వెనక్కి తిరిగిన మా అక్క నా కళ్ళ ముందు నిలిచిపోయింది, రోలు ముందర కూర్చున్నా ఆమే, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఆమే.

ఆ తర్వాత రెండేళ్ళకు మాకు మార్కాపురంలో ఇల్లు దొరికింది, అదీ మేడమీదే! నా పెనిమిటి యోసేపు పలకల గనిలో రాయి చీల్చే పనివాడు. ఒక సాయిబుగారి పలకల కొట్టంపైన ఉన్న గదిలో మమ్మల్ని ఉండనిచ్చారు, నేను, యోసేపు, నాలుగేళ్ళ మా పాప కృప, ఎడమకాలు చచ్చుబడిపోయి మంచంమీదే ఉండే మా అత్త సారమ్మ. కింద కొట్టం నిండా చట్రాల చెక్క, రంపపు పొట్టు, చెన్నపట్నం పోయే పలకలకు చుట్టే ఎండుగడ్డి. పైకి రావడానికైనా కిందికి పోవడానికైనా ఆ కొట్టం మధ్యనుంచి ఒక్కటే చెక్క మెట్లదారి.

సహోదరీలారా, నా భయం ఏమని చెప్పను! పొయ్యి ఆర్పి, నీళ్ళు చల్లి, బూడిదలో చెయ్యి పెట్టి చూసి, నాలుగు మెట్లు దిగి మళ్ళీ పైకి వచ్చి చూసేదాన్ని. ప్రార్థన కూటంలో పాట నడుస్తుండగా లేచి ఇంటికి పరుగెత్తేదాన్ని. ఎవరు చుట్ట కాల్చినా పొగ ఎక్కడిదని అడిగేదాన్ని, చివరికి వీధి పిల్లలు నాకు పొగమ్మ అని పేరు పెట్టారు. మా అత్తయితే, “ఏమ్మే పొగమ్మా, ఈ దినం యాడ అంటుకునింది, చందమామకా?” అని నవ్వేది.

నా అవస్థ చూడలేక యోసేపు ఒక పని చేశాడు. గనిలో లోతుకు దిగడానికి వాళ్ళు తాళ్ళ నిచ్చెన కట్టుకుంటారు. అదే పద్ధతిలో కిత్తనార తాడు పేని, దోర్నాల అడవి వెదురు కోసి మెట్లు కట్టి, మెట్టు గోడకు అతుక్కుపోతే కాలివేళ్ళు ఆనవని రెండేసి మెట్లకొక చెక్కముక్క గోడవైపు బిగించి, మా కిటికీ ఎత్తుకు సరిపోయేలా ఒక నిచ్చెన తయారు చేశాడు. వీధివైపు కిటికీకి చువ్వలు చెదలు తిని ఊడిపోయి ఉండేవి. పాప పడిపోతుందని కొత్త చువ్వలు వేయించమని నేను సాయిబుగారిని ఎన్నిసార్లో అడిగాను, ఆయన రేపు రేపని జరుపుతూ వచ్చాడు. ఆ ఆలస్యం వెనక ఎవరి చెయ్యి ఉందో అప్పుడు నాకు తెలియలేదు! యోసేపు గడ్డపారను కిటికీ లోపలివైపు అడ్డంగా పెట్టి, దానికి నిచ్చెన తగిలించి, నన్ను ఒకసారి దిగి చూడమన్నాడు. నేను కోక గోచిపెట్టి గోడవైపు తిరిగి దిగుతుంటే వీధంతా నిలబడి చూసింది. “రత్నమ్మా, గనిలో పనికి కుదిరినావా?” అని ఒకరు, “ఒక మెట్టు ఎక్కువ కట్టింటే పాతాళానికే పోయిందువు గదా” అని ఇంకొకరు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అంతకంటె పెద్ద గొడవ ఇంట్లో. రెండు పక్కల పొడుగు తాళ్ళు, నడుమ అడ్డంగా వెదురు బద్దలు, చుట్టేముందు నేలమీద పొడుగ్గా పరిచిన ఆ నిచ్చెనను చూసి మా అత్త మంచంమీదనే లేచి కూర్చుంది.

“ఒరే యోసేపూ, ఏందిరా ఇది? బతికుండంగనే నాకు పాడె కట్టినావా?”

“పాడె కాదమ్మా, నిచ్చెన.”

“నేను చూడని పాడెలా? మీ నాయన్ను మోసింది ఇట్లనే ఉండె. వెదురూ తాడూ కలిపి ఇంట్లో పెడితే పీనుగు లేవకుండా ఉంటాదా? తీసేయ్, లేదంటే నేను గంజి ముట్టను!”

బాప్తిస్మం తీసుకుని ముప్పై ఏళ్ళయిన మనిషి, ఉపవాస ప్రార్థనలో అందరికంటె ముందుండే మనిషి, ఈ ఒక్క మాట మాత్రం ఆమె ఎముకల్లో ఉంది. రెండుపూటలు నిజంగానే గంజి ముట్టలేదు. ఆ వారమే మా సంఘపెద్ద ఒకాయన ఇంటికి వచ్చి, మంచి మనసుతోనే, “అమ్మా, నువ్వు పిల్లలకు వాక్యం చెప్పే దానివి. నీ నమ్మకం తాడుమీదనా, దేవునిమీదనా?” అని అడిగాడు. అత్త కోపం ఒకవైపు, వీధి నవ్వు ఒకవైపు, నాది అవిశ్వాసమేనేమో అన్న దిగులు ఒకవైపు. ఆ నిచ్చెనను చుట్టి తీసుకుపోయి కింద కొట్టంలో, చట్రాల చెక్క వెనక దాచిపెట్టాను. చూడండి నా తెలివి! మంట వస్తే తప్పించుకునే నిచ్చెనను, మంట పుట్టే చోటే దాచాను!

కొన్ని వారాలు అట్లా గడిచాయి, నా భయం పోలేదు సరిగదా రెండింతలైంది. ఒక శనివారం పిల్లల పాఠానికి ధర్మశాస్త్రం తిరగేస్తుంటే, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందని దేవుడు ఆజ్ఞాపించిన చోటు కనబడింది. ఎన్నోసార్లు చదివిన మాటే, ఆ దినం నన్ను పట్టి నిలబెట్టింది. లోకాలను చేసిన దేవుడు, ఎర్ర సముద్రాన్ని పాయలు చేసిన దేవుడు, ఒక పేద ఇంటి పిట్టగోడ గురించి ఆలోచించాడా! పిట్టగోడ కట్టినవాడు అవిశ్వాసి కాకపోతే నిచ్చెన కట్టినవాడు ఎట్లా అవుతాడు? దమస్కులో శిష్యులు అపొస్తలుణ్ణి గంపలో పెట్టి గోడమీదనుంచి దించినప్పుడు, ఆ గంప తాడును దేవుడు తప్పుపట్టాడా? అక్కడే మోకాళ్ళూని, “ప్రభువా, నేను ఈ భయానికి బానిసనైపోయాను. నాకు చేతనైన పని నాచేత చేయించు, చేతకాని దాన్ని నీ చేతుల్లో పెట్టుకో” అని ఏడ్చాను. లేచి కిందికి పోయి, చెక్క వెనకనుంచి నిచ్చెనను లాగి పైకి తెచ్చాను.

తెచ్చాను గానీ మా అత్తకు చెప్పే ధైర్యం చాలలేదు, అది నా తప్పు. ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి పక్క మారుస్తున్నట్టు నటించి, నిచ్చెనను మడిచి మంచంమీద పరిచి, పైన రెండు బొంతలు వేసి, ఆమెను దానిమీదే పడుకోబెట్టాను. “ఏందిమే, కింద ఏందో గుచ్చుకుంటా ఉండాది” అని ఆమె రోజూ అనేది, “నులక బిగిసిందిలే అత్తా” అని నేను రోజూ అబద్ధమాడేదాన్ని. దేవుడు నన్ను క్షమించుగాక.

అటు తర్వాత నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ, యోసేపు గనికి పోయాడు, కింద పనివాళ్ళు అన్నానికి పోయారు. నేను పాపకు తల దువ్వుతున్నాను. పొగ వాసన వచ్చింది. నేను లేవలేదు, సహోదరులారా! ఇది నా పాత భయమే, దీన్ని లెక్కచేయకూడదని పళ్ళు బిగబట్టి జడ అల్లుతూ కూర్చున్నాను. “అత్తా, నీకేమన్నా వాసన వస్తాందా?” అంటే, “మొదలుపెట్టినావా పొగమ్మా” అంది ఆమె. అంతలో పాప, “అమ్మా, మెట్లకాడ ఎర్రగా ఉండాది” అంది.

తలుపు తీసి చూస్తే కొట్టం కొట్టమంతా మండుతూ ఉంది! రవ్వ ఎక్కడినుంచి పడిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు, రంపపు పొట్టుకు ఎంత రవ్వ కావాలి! మెట్ల కింది సగం అప్పటికే మంటలో ఉంది. తలుపు మూసి, కడవలోని నీళ్ళతో నా పాత కోక తడిపి తలుపు సందున కుక్కాను. మా అక్క వచ్చి ఆ కిటికీ దగ్గర నిలబడినట్టే అనిపించింది. “యేసయ్యా, నన్ను వెనక్కి తిరగనీయొద్దు” అన్నాను, అంతే, అంతకంటె పెద్ద ప్రార్థనకు వేళ లేదు.

మా అత్తను చంకల కింద పట్టి మంచంమీదనుంచి నేలకు లాగి, బొంతలు విసిరేసి, నిచ్చెనను బయటికి తీశాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

“ఇన్నాళ్ళూ నన్ను పాడెమీదనే పండబెట్టినావా?”

“పండబెట్టినాను అత్తా. తర్వాత తిట్టు. ఇప్పుడు దిగు.”

గది మూలనున్న గడ్డపారను కిటికీకి అడ్డం పెట్టి, దానికి తగిలించి నిచ్చెన కిందికి వదిలాను. వీధిలో జనం చేరారు, సాయిబుగారు పరుగున వచ్చి నిచ్చెన కొస పట్టుకున్నాడు. మా అత్త పాక్కుంటూ కిటికీ దాకా వచ్చి, గట్టు పట్టుకుని లేచి, కిందికి చూసి, వెనక్కి జారి కూర్చుంది. అచ్చం మా అక్కలాగే! “నేను దానిమీద కాలు పెట్టను. ఒంటికాలి ముసలిదాన్ని, మోసుకోను ఎవరున్నారు? పాపను తీసుకోని నువ్వు పో” అంది. తలుపు సందునుంచి పొగ లోపలికి వస్తూ ఉంది. నేను ఆమె ముందర కూర్చుని, “నువ్వు దిగకపోతే నేను దిగను అత్తా. నేను దిగకపోతే పాప దిగదు. ముగ్గురం ఈడనే ఉంటాం” అన్నాను. ఆ మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు, పాపను పణంగా పెట్టే ధైర్యం నాది కాదు. ఆమె పాప ముఖం చూసింది. “ప్రభువా, పాడైతే పాడే, నీదే భారం” అని ఏడుస్తూ చేతులు చాపింది.

మంచి కోక ఆమె చంకల కింద కట్టి, రెండో కొస గడ్డపారకు ఒక చుట్టు తిప్పి పట్టుకుని, ఆమెను గోడవైపు తిప్పి కిటికీ దాటించాను. నలభై ఏళ్ళు రోకలి పోటు వేసిన చేతులు, తాడును వదలలేదు. కానీ గోడవైపు తిరిగిన మనిషికి కిందిమెట్టు కనబడదు. ఆమె ఒక కాలు గాలిలో ఆడిస్తూ, “మెట్టు లేదమ్మే, మెట్టు లేదు!” అని కేక పెట్టింది. సాయిబుగారు నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కి, ఆమె పాదం పట్టుకుని మెట్టుమీద పెట్టి, “ఉంది అవ్వా, ఇంకో మెట్టు ఉంది, దించు” అన్నాడు.

“నా కాలు పట్టుకుంటావేంది సాయిబూ!”

“దిగినాక నువ్వు నా కాలు పట్టుకుందువులే అవ్వా, దించు!”

అట్లా మెట్టు తర్వాత మెట్టు, “ఇంకోటి ఉంది, ఇంకోటి ఉంది” అంటూ ఆమెను నేలమీద దించారు. తర్వాత పాపను నా వీపుకు కట్టుకుని నేను దిగాను. గది తలుపు అంటుకున్న చప్పుడు నా తలపైన వినబడింది. మెట్టు నాకూ కనబడలేదు, కాలు దించిన ప్రతిసారీ అది అక్కడ ఉంది. దేవునికే స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం!

గది పోయింది, సామాను పోయింది, నలుగురం మిగిలాం. గనినుంచి పరుగెత్తుకు వచ్చిన యోసేపు వీధిలో మా ముగ్గురినీ చూసి పైకొస కాలి కిందపడిన ఆ నిచ్చెనను పట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు. మరుసటి ఆదివారం ఆ సంఘపెద్ద అందరిముందర లేచి, “ఈ సోదరిని నేను తప్పు ప్రశ్న అడిగినాను” అని ఒప్పుకున్నాడు, ఆ సాయంత్రమే యోసేపు దగ్గరికి వచ్చి తన మిద్దెకూ ఒకటి కట్టిపెట్టమన్నాడు.

నా భయం ఆ దినంతో ఆనవాలు లేకుండా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఇప్పటికీ పొగ వాసన వస్తే ఒకసారి ఉలిక్కిపడతాను. కానీ అప్పుడు అది నా యజమాని, ఇప్పుడు కాదు. లేచి చూస్తాను, ఏమీ లేకపోతే వచ్చి కూర్చుంటాను, పాట చివరిదాకా పాడతాను!

సహోదరులారా, మీలో ఎవరైనా నాలాగే భయపు మేడలో చిక్కుకుని ఉంటే, కిందికి చూసి వెనక్కి తిరగవద్దు. గోడవైపు తిరిగినవాడికి మెట్టు కనబడదు, కాలు దించండి, పాదం పట్టుకుని మెట్టుమీద పెట్టేవాడు ఉన్నాడు. మేడలమీద కాపురమున్నవాళ్ళు మాత్రం ఈ వారమే మా ఇంటికి రండి, తాడు పేనడం యోసేపు నేర్పిస్తాడు.

మేము ఇప్పుడు ఇంకో మేడగదిలోనే ఉన్నాం. యోసేపు పైకొస మళ్ళీ పేని కట్టిన నిచ్చెన కిటికీ పక్కన మేకుకు అందరికీ కనబడేలా వేలాడుతుంది. ప్రతి సాయంత్రం మా అత్త మంచంమీదనుంచి చెయ్యి చాపి దాని ముళ్ళు ఒక్కొక్కటే లాగి చూస్తుంది. మొన్న పక్కింటామె వచ్చి, “ఏంది పెద్దమ్మా, తలకాడ పాడె పెట్టుకున్నావు?” అని అడిగితే, మా అత్త ఏమందో చెప్పి కూర్చుంటాను:

“పైకి పోయేటందుకు నా ప్రభువు ఉండాడు లేమ్మా. కిందికి దిగేటందుకు ఇది ఉండనీ.”