లెక్కల మేడమ్ నడుముకున్న మిషను

చీపురుపల్లి స్కూల్లో నాతో పనిచేసిన లెక్కల మేడమ్ చెయ్యి కుదురుగా ఉండేది కాదు. పాఠం మధ్యలోనూ కొంగు కింద నడుం తడుముకునేది. అక్కడ ఇన్సులిన్ పంపు ఉందని నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

పదో తరగతి పరీక్షల డ్యూటీకి మా ఇద్దరికీ ఒకే గది పడింది. తనిఖీకొచ్చిన ఆఫీసరు ఎదుటే పంపు కీచుమంది. షుగర్ పడిపోతోందని హెచ్చరిక అది.

"ఏటమ్మా అది, ఫోనా? ఇలా ఇచ్చీండి," అన్నాడాయన.

ఆమె నుదుట చెమట పట్టింది. చెప్పేద్దామని నాకు నోటిదాకా వచ్చింది, కానీ ఒట్టు. పంపు మళ్లీ మోగింది. పిల్లలు రాయడం ఆపేశారు.

మేడమ్ కొంగు జరిపి, పొట్టకి అతికించిన సన్నటి గొట్టం చూపించింది.

"ఫోను కాదండి, ఇన్సులిన్ మిషను. ఇది నా ఒంటికి ఉండాల్సిందే." బ్యాగులోంచి గ్లూకోజు తీసి, అందరూ చూస్తుండగానే నోట్లో వేసుకుంది. ఆఫీసరు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

పరీక్ష అయ్యాక ఒక అమ్మాయి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"మేడమ్, నాను బాత్రూంలో దాక్కుని సూది ఏసుకుంతన్నాను. ఎవులికీ సెప్పొద్దంది అమ్మ."

మేడమ్ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"రేపు స్టాఫ్‌రూముకి రా. నా పక్కన కూకుని ఏసుకో," అంది. "తలుపు మాత్రం ఎయ్యొద్దు."