మూసిన గదిలో నడుస్తున్న కంప్యూటర్

మా ముత్తాతగారు మండవల్లి మునసబు. తాతగారి ఎదుట ఎవరూ కూర్చునేవారు కాదు. చివరికి మాకు మిగిలింది ఒక్క చేపల చెరువు. నాన్నగారు పోయాక అది అమ్ముదామని ఇంట్లో అన్నప్పుడు, ఆయన ఆత్మ క్షోభిస్తుందని నేనే అడ్డుపడ్డాను.

ఆయన ధనిష్ఠా పంచకంలో పోవడంతో చెరువుగట్టు మీది ఆయన గదిని ఆరు నెలలు మూసేశాం. ఐదు నెలలు గడిచాక, ఇంట్లోనూ చెరువు దగ్గరా ఉన్న మా కంప్యూటర్లన్నిటినీ కనిపెట్టి ఉండే ప్రోగ్రాంకు ఏలూరులో మా ఇంట్లో కూర్చుని ఏఐ అసిస్టెంటును కలిపి, ఏవి నడుస్తున్నాయని అడిగాను.

"చెరువు గదిలోది ఐదు నెలలుగా ఆగలేదు. సేవ్ చేయని ఉత్తరం ఒకటి తెరిచి ఉంది" అని జవాబు వచ్చింది. వెంటనే చెరువుగట్టుకు వెళ్లాను.

"గడువు తీరలేదండీ, తలుపు తీయకండి" అని నా భార్య బతిమాలింది. తీశాను. మౌస్ కదపగానే తెర వెలిగింది. చెరువు కొంటామన్న వాళ్లకు నాన్నగారు రాస్తూ ఆపేసిన ఉత్తరం అది.

"చెరువు మీకే ఇస్తాను. మా అబ్బాయికి చెప్పాలంటే భయంగా ఉంది, కాస్త ఆగండి."

తండ్రి కొడుక్కి భయపడిన ఇల్లు మాది. ఆ నెలాఖరున చెరువు అమ్మేశాం.