డిశ్చార్జి బుక్కులో లేని గాయం

నాన్న మిలటరీ డిశ్చార్జి బుక్కు మా ఇంట్లో బైబిలు పెట్టుకునే రేకుపెట్టెలో, రెండు పాలిథిన్ కవర్ల లోపల ఉండేది. ఏడాదికోసారి పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బయటికి వచ్చేది, మళ్ళీ లోపలికి పోయేది. నేను ముంచింగిపుట్టు దగ్గర ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. అయినా ఆ బుక్కును ఒక్కసారి కూడా విప్పి చదవలేదు. ఈ మాట ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కొంచెం తేలిక.

నాన్న ఐదో తరగతితో చదువాపి, కొండ దిగి మిలటరీలో చేరినవాడు. మంచుకొండల మీద పోస్టులో ఉండగా ఒక రోజు షెల్లు పడింది. పక్కనున్న ఒడిశా జవాను అక్కడికక్కడే పోయాడు. నాన్న తుంటిలో రేకుముక్కలు దిగాయి. ఆస్పత్రిలో ఉండగా హవల్దారు వచ్చి, "నీ గాయం రాసేశారు, మెడల్ వస్తుంది" అని హిందీలో చెప్పాడట. ఆ మాట పట్టుకుని నాన్న బతికాడు. మెడల్ రాలేదు. "మన కొండకి ఉత్తరాలే సరిగ్గా రావు, మెడలెక్కడ వత్తాది" అనేవాడు. అనడంలో కోపం ఉండేది కాదు. రాశారు కదా, అదే చాలనుకున్నాడు.

నాలుగేళ్ళ క్రితం పాడేరులో మాజీ సైనికులకి సన్మానం పెట్టారు. గాయపడినవాళ్ళకి ముందు వరసలో కుర్చీలు వేస్తామన్నారు. నాన్న చలికోటు వేసుకుని, ఉన్న రెండు మెడల్స్ పెట్టుకుని వచ్చాడు. బల్ల దగ్గర గుమస్తా బుక్కు తిప్పి చూసి, మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు.

"గాయం ఎక్కడా రాసిలేదండి. మెడల్స్ రెండే ఉన్నాయి. వెనక్కి కూర్చోండి."

వెనక లైనులో ఉన్నవాళ్ళంతా విన్నారు. నాన్న బుక్కు తీసుకుని కవర్లో పెడుతుంటే వేళ్ళకి కవరు నోరు దొరకలేదు. నేను పట్టుకున్నాను. శాలువా కప్పించుకోకుండానే బస్సెక్కాం. పాడేరు దాటాక అడిగాడు.

"అమ్మా, నువ్వు సదివావు కదా. నిజంగా రాసి లేదేటి?"

బస్సులోనే పేజీ పేజీ చదివాను. ఎత్తు, ఛాతీ, పుట్టుమచ్చలు, నడవడిక చాలా మంచిది అని. గాయం లేదు.

ఆ వారమే దరఖాస్తు రాశాను. రికార్డు ఆఫీసు నుంచి జవాబు రావడానికి వర్షాకాలం మొత్తం పట్టింది. గాయపడిన రోజు యూనిట్‌లో వెలువడిన ఆర్డరు నకలు గానీ, మిలటరీ ఆస్పత్రి కాగితం గానీ, అదే కంపెనీలో ఉన్న జవాన్ల సాక్ష్యం గానీ పంపాలన్నారు. కాగితాలు మా దగ్గర ఉంటే వాళ్ళని అడగడమెందుకు? అరకు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించాను. తుంటిలో బియ్యపు గింజలంత తెల్లటి ముక్కలు మూడు కనిపించాయి. నాన్న ఆ ఫిలిమును కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖం కాస్త తేటపడింది.

"ఇంకేటి కావాలి, సాచ్చికం లోపలే ఉంది" అన్నాడు.

ఎక్స్‌రే పంపాం. ఆ ముక్కలు ఎప్పుడు, ఎలా చేరాయో ఎక్స్‌రే వల్ల తెలియదని జవాబిచ్చారు. వాళ్ళు అన్నది తప్పు కాదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఇక సాక్షి. నాన్న కంపెనీలో రాతకోతలు చూసిన ఒకాయన పార్వతీపురంలో ఉన్నాడని తెలిసింది. రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆయన మంచం పట్టి ఉన్నాడు. ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. నాన్నని చూసి లేవబోయి, లేవలేక, చెయ్యి చాపాడు. నేను మా పని చెప్పాను. ఆయన కోడలు టీ తెచ్చిపెట్టి వెళ్ళేదాకా మాట్లాడలేదు.

"ఆరోజు రిపోర్టు రాసింది నేనేరా" అన్నాడు తర్వాత, నాన్న వైపు చూడకుండా. "పోస్టు నుంచి వైర్‌లెస్‌లో పేరొక్కటే వచ్చింది. నంబర్లు సరిగ్గా వినబళ్ళేదు. నీ పేరూ ఆ ఒడిశావాడి పేరూ ఒకటే కదా. గాయం అన్నారు, గంట తర్వాత పోయాడన్నారు. ఒకడే అనుకున్నాను. ముందు గాయపడ్డాడు, తర్వాత పోయాడు అని వాడి షీటులోనే రెండూ రాసీసాను."

"మరి నేను ఆస్పత్రిలో ఉన్నాను కదా."

"నువ్వు తిరిగొచ్చాక తెలిసింది. అప్పటికి కాగితాలు పైకి వెళ్ళిపోనాయి. చెబితే నా మీదికొస్తాదని ఊరుకున్నాను. తర్వాత సేద్దాం, తర్వాత సేద్దాం అనుకుంటూ రిటైరైపోనాను."

నాన్న ఆయన్ని తిట్టలేదు. తిడతాడని నేను ఎదురుచూశాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "వాడి పేరులో నేనున్నానన్న మాట" అన్నాడు. అంతే. ఆయన ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు నోటరీని ఇంటికే పిలిపించి స్టాంపు పేపరు మీద అంతా రాయించాం. ఆయన సంతకం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో నాకు మాత్రం సంతోషమే. పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఈసారి జవాబు బేగి, నెల తిరక్కుండానే వచ్చింది. నాన్న రికార్డు సరిచేయాలంటే ముందు చనిపోయిన జవాను రికార్డు సరిచేయాలి, దానికి ఆయన భార్య ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి అని. ఆమె ఊరు ఒడిశా సరిహద్దు అవతలే. మా సంతకి వచ్చేవాళ్ళని అడిగితే ఇల్లు కూడా తెలుస్తుంది. నేను ఆదివారం వెళ్దామన్నాను. నాన్న పెరట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు. చేత్తో పరుస్తూనే అన్నాడు.

"ఎళ్ళి ఏటని సెప్తావు? మీ ఆయన గాయపడి కాసేపు బతికాడని మీకు రాసింది తప్పు, వాడు వెంటనే పోయాడు, ఆ గాయం మా నాన్నది అంటావా?"

"నిజం అదే కదా నాన్నా."

"ఆ కాసేపట్లో వాడు తన్ని తలుచుకున్నాడని ఆవిడ ఇన్నేళ్ళూ అనుకుంటుంటాది. అది తీసీమంటావేటి? వద్దు. ఇంక రాయకు."

నేను వినలేదు. ఆయనకి చెప్పకుండా ఇంకో ఉత్తరం రాశాను, ఆమెని కదపకుండా వేరే దారి ఉంటే చూడమని. అప్పటికే పార్వతీపురం ఆయన పోయాడు. సాక్షిని విచారించే వీలు లేనందున విషయం ముగిస్తున్నామని, ఇకపై ఉత్తరాలకి జవాబు ఉండదని రాశారు. ఆ కాగితం నాన్నకి చూపించలేదు. ఆయన అడగలేదు కూడా. నేను రాసి ఉంటానని ఆయనకి తెలుసనే అనుకుంటున్నాను.

ఆ తర్వాత నాన్న మిలటరీ మాట ఎత్తడం మానేశాడు. సన్మానాలకి పిలిస్తే ఒంట్లో బాగోలేదంటాడు. చర్చిలో పాతవాళ్ళెవరైనా ఆ షెల్లు కథ చెప్పమంటే నవ్వి లేచిపోతాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. ఆ ముసలితనం వయసు వల్ల వచ్చింది కాదు. పాడేరు వెళ్ళకపోయి ఉంటే, లేదా ఆ బుక్కు నేను పదేళ్ళ ముందే చదివి ఉంటే ఏమయ్యేదో అని రోజూ ఏదో ఒక వేళ అనుకుంటాను. పదేళ్ళ ముందు ఆ పార్వతీపురం ఆయన నడిచి ఆఫీసుకి వెళ్ళి చెప్పగలిగేవాడు.

మొన్న చలికి తుంటి బిగుసుకుపోతే అరకు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చిన్నపిల్ల. ఓపీ చీటీ మీద రాసుకుంటూ, "ఇది ఎలా తగిలింది తాతగారూ?" అని అడిగింది.

"తోటలో జారి పడ్డానమ్మా, సానా ఏళ్ళయింది" అన్నాడు నాన్న.

ఆమె అలాగే రాసుకుంది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చీటీ తీసుకుని, నాన్నని బల్ల మీద కూర్చోబెట్టి, మందుల లైనులో నిలబడ్డాను.