హాగ్‌స్టాడ్ మాస్టారి తొమ్మిదిన్నర వేళ్లు

మా వడ్రంగం మాస్టారు ఓరిన్ హాగ్‌స్టాడ్‌కు ఉన్నవి తొమ్మిదిన్నర వేళ్లు. ఎడమచేతి చూపుడువేలు సగానికి లేదు. ఆ సగం ఎలా పోయిందని ఎవరడిగినా చెప్పేవాడు. కాకపోతే ఒకసారి చెప్పిన కథ ఇంకోసారి చెప్పేవాడు కాదు. ఆ కథలు నూట పన్నెండు నా దగ్గరున్నాయి. వాటిలో రెండు నేను కల్పించినవని గిట్టనివాళ్లు అంటారు. నమ్మకండి. మూడు.

విస్కాన్సిన్‌లో మా టాంబ్రుక్ హైస్కూల్లో మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు హోమ్ సైన్స్. నడవాకు అటొక గది, ఇటొక గది. ఇటు నుంచి రంపపు పొట్టు, అటు నుంచి గోధుమపిండి ఎగిరొచ్చి మా బూట్ల మీద కలిసేవి. నేనక్కడ పదకొండో తరగతి దాకా చదివాను. ఇంకా చదివితే పంతుళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదని జాలిపడి మానేశాను. నేను చేసిన స్టూలు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని నాలుగు కాళ్లూ నాలుగు ఊళ్లకు బయల్దేరినట్టుండేవి. మాస్టారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఒరే డెల్మర్, దీన్ని కూర్చోడానికి చేశావా, తరుముకోడానికి చేశావా?" అన్నాడు.

ఏటా కొత్త పిల్లలు రాగానే ఎవడో ఒకడు వేలి సంగతి అడిగేవాడు. చలికాలంలో ఆవు పాలు పితుకుతుంటే గడ్డకట్టి పుటుక్కున విరిగిందని, బకెట్లో పడ్డది పడ్డట్టే వెన్నలో కలిసిపోయిందని, ఆ వెన్న ఎవరింటికి చేరిందో దేవుడికే తెలియాలని ఒక ఏడాది మాస్టారు చెప్పాడు. ఒక కుర్రాడు వారం రోజులు వెన్న ముట్టకుండా మాడి, మళ్లీ అడిగాడు. ఈసారి సరస్సులో పెద్ద చేప కొరికింది.

"మరి ఆవు, మాస్టారూ?"

"అది అంతకుముందు."

"అప్పుడు పోయిన వేలు మళ్లీ ఎలా పోతుంది?"

"మొలిచింది. మొలిచిన ముచ్చట తీరకుండానే చేప వచ్చింది."

మా పాస్టరుగారు అడిగితే, మీ ప్రసంగం మధ్యలో కునుకుపట్టి కీర్తనల పుస్తకం వేలి మీద మూతపడిందన్నాడు. పై ఆదివారం నుంచి ప్రసంగం పావుగంట తగ్గింది. ఊరు ఊరంతా ఆ వేలికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఆ కథలకు నవ్వని మనిషి ఊళ్లో ఒక్కరే, హోమ్ సైన్స్ టీచరు మిస్ వెర్నా స్కోగ్లీ. ఎవరైనా మొదలుపెడితే చాలు, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు లేచి వెళ్లిపోయేది.

పందొమ్మిది వందల యాభై అయిదులో ప్రూయిట్ అనే కొత్త సూపరింటెండెంటు దిగాడు. నవ్వితే పళ్లు అరుగుతాయనుకునే రకం. సొంత వేలే కాపాడుకోలేనివాడు పిల్లల వేళ్లేం కాపాడతాడని గొడవ లేవదీశాడు. మంగళవారం సాయంత్రం స్కూలు బోర్డు ముందు మాస్టారు నిజం చెప్పాలి. చెప్పకపోతే జూన్‌తో ఉద్యోగం సరి, వడ్రంగం గదికి తాళం. ఊరంతా వచ్చి భోజనాల హాల్లో కూర్చుంది. నేను ముందు వరుసలోనే ఉన్నాను. చదువు మానేసినవాడికి స్కూలు మీద ఉండే ప్రేమ వేరు.

సభ మొదలయ్యేముందు, ఈ ఒక్కసారికి నిజం చెప్పెయ్యమని మాస్టారిని బతిమాలాను. "అదంత బాగుండదురా," అన్నాడు.

ప్రూయిట్ అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకుని, ఉత్తరాన అడవిలో ఒక ఎలుగుబంటితో మొదలుపెట్టాడు. ప్రూయిట్ కలం కింద పెట్టాడు.

"మిస్టర్ హాగ్‌స్టాడ్, ఇదే మీకు ఆఖరి అవకాశం."

"అయితే రెండు ఎలుగుబంట్లు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులోంచే మిస్ వెర్నా లేచింది.

"ఎలుగుబంట్లు కావు. నేను."

ఆమె ముప్పై రెండులో ఇదే స్కూల్లో చదువుకుంది. వాళ్లమ్మకు రొట్టె కోసుకునే పలక ఒకటి చేసివ్వాలని పట్టుదల. వడ్రంగం గదిలో ఆడపిల్ల అడుగు పెట్టకూడదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దొంగతనంగా వెళ్లి కరెంటు రంపం ఆడించింది. ఒంటి మీద హోమ్ సైన్స్‌లో తనే కుట్టిన ఏప్రన్ ఉంది, గజం పొడవు నాడాలతో. ఆ రోజుల్లో నాడా ఎంత పొడవుంటే అన్ని మార్కులు. పలక సగం తెగేసరికి నాడా యంత్రంలో చిక్కుకుని మనిషిని రంపం మీదికి లాగేసింది. అప్పుడే లోపలికొచ్చిన మాస్టారు ఆమె చేతిని తన చేత్తో తోసేశాడు. ఆమె చెయ్యి దక్కింది.

"నువ్విక్కడికి రాలేదు, నేను నిన్ను చూడలేదు, ఫో అన్నారు," అంది వెర్నా. "బయటపడితే నన్ను స్కూల్లోంచి తీసేసేవాళ్లు. టీచర్ల కాలేజీలో వచ్చిన సీటు పోయేది. సాయంత్రానికల్లా ఊళ్లోకి మొదటి కథ వచ్చేసింది. ఒక్క అబద్ధమైతే ఎవరో ఒకరు కూపీ లాగుతారని, ఈయన ఇన్ని చెప్పుకుంటూ పోయారు."

మా స్కూలు ఏప్రన్లకు నాడాలు లేకుండా బొత్తాలే ఎందుకుంటాయో ఆడవాళ్లందరికీ అప్పుడు అర్థమైంది.

"ఆవిడ మాట నమ్మకండి," అన్నాడు మాస్టారు ఎర్రబడిపోతూ. "ఊళ్లో అందరూ నన్ను చూసి అబద్ధాలు నేర్చుకుంటున్నారు."

అయితే ఆ గది ప్రమాదమని తేలినట్టే కదా అన్నాడు ప్రూయిట్.

"నేర్పలేదు కాబట్టి దొంగతనంగా వెళ్లానండీ," అంది వెర్నా. "నేర్పి ఉంటే ఏప్రన్ విప్పి వెళ్లేదాన్ని."

 గది ఉంటుంది, మాస్టారూ ఉంటారు, వచ్చే ఏడు నుంచి ఆడపిల్లలకూ వడ్రంగం అని బోర్డులో ఆరుగురూ చేతులెత్తారు. బోర్డుతో ఏ సంబంధమూ లేకపోయినా నేను రెండు చేతులూ ఎత్తాను.

జనం కదులుతుంటే మాస్టారు వెర్నా దగ్గరికెళ్లి, ఆ పలక ఏమైందని మెల్లగా అడిగాడు. సగం కోసింది సగం కోసినట్టే ఇంట్లో ఉందని, దాని మీదే రొట్టె కోసుకుంటున్నానని చెప్పింది. తీసుకురమ్మన్నాడు.

శనివారం పొద్దున నేను కిటికీలోంచి చూశాను. వెర్నా చేతులు పైకి మడిచి, ఏప్రన్ లేకుండా, మిగతా సగం కోసింది. మాస్టారు పలకను వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"సి గ్రేడు," అన్నాడు.

"సి ఏమిటి మాస్టారూ? గీత మీదే కోశాను కదా."

"అసలు బి ఇద్దామనుకున్నా," అన్నాడు. "పని ఇరవై మూడేళ్లు ఆలస్యంగా ఇచ్చావు. ఎంతో కొంత తగ్గించకపోతే మిగతా పిల్లలు ఊరుకుంటారటమ్మా?"