పిల్లి లేని శీర్షిక

మా నాన్న జన్మలో ఒక్క జంతువునూ పెంచలేదు. వీధికుక్క ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి వెళ్తాడు. అలాంటి మనిషి వారపత్రికలో ‘కలలో జంతువు’ అనే శీర్షిక రాస్తాడంటే ఎవరు నమ్ముతారు? అమ్మ నమ్మలేదు. మా ఇంట్లో జరిగిన రభసంతా అక్కడే మొదలైంది.

నాన్న అసలు ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. ఆఫీసులో అందరూ ఆయన్ని కామాగారు అంటారు. మందు సీసా చేతికిస్తే ముందు దానిమీది అచ్చుతప్పులు వెతుకుతాడు, మందు సంగతి ఆ తర్వాత. ఆ శీర్షికను మొదట్లో ఒక జ్యోతిష్కుడు రాసేవాడు. ఒక వారం ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పత్రిక అచ్చుకు వెళ్లాలి. సంపాదకుడు నాన్న బల్ల దగ్గరికి వచ్చి, “ఈ ఒక్క వారానికీ ఏదో ఒకటి గిలికెయ్యవయ్యా” అన్నాడు. ఆ ఒక్క వారం ఇంకా గడవలేదు. అప్పుడు నేను బడికి వెళ్లేదాన్ని, ఇప్పుడు చెప్పుల దుకాణంలో పని చేస్తున్నాను. జ్యోతిష్కుడు మళ్లీ రాలేదు, శీర్షిక కింద ఆయన పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

కలలకు అర్థాలు నాన్నకు ఎక్కణ్నుంచి వస్తాయో నాకు బాగా తెలుసు. బస్సు ఆలస్యమైన రోజు తాబేలు కలకు అర్థం పుడుతుంది. వంటింటి కుళాయి కారిన వారం కప్పలు అశుభమైపోతాయి. ఎవరో ఒకాయన స్నానాలగదిలో గుర్రం నిలబడినట్టు కలగన్నాడట, అర్థం చెప్పమని ఉత్తరం రాశాడు. నాన్న ఆ గుర్రంతో సాయంత్రమంతా కుస్తీ పట్టి, చివరికి ‘అనుకోని అతిథి’ అని తేల్చాడు. అడుగున చోటు మిగిలితే ‘కుటుంబ సౌఖ్యం’ కలిపేవాడు, చాలకపోతే తీసేసేవాడు. ఎంతోమంది కుటుంబ సౌఖ్యం అలా కత్తెర పాలైంది. నేను నవ్వితే ఆయనకు కోపం వచ్చేది. “నీకేం తెలుసే, ఇది రాయడం కంటే బండలు కొట్టడం నయం” అనేవాడు.

అమ్మకు మాత్రం ఆ శీర్షికంటే ప్రాణం. పత్రిక ఇంటికి రాగానే కథలూ వంటలూ వదిలేసి ముందు అదే తిప్పేది. “చూశావా, ఎంతో అనుభవం ఉంటే తప్ప ఇలా రాయలేరు” అనేది. ఒకసారి నాన్న ఉక్రోషం ఆపుకోలేక, “అది రాసేది నేనేనే” అన్నాడు. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “మీరా? మీకు అసలు కలలొస్తాయా? పడుకోగానే గుర్రు తప్ప!” అంది. నేను సాక్ష్యం చెప్పబోతే, “మీ నాన్నను వెనకేసుకురాకు, కింద పేరుంది కదా” అని నా నోరు మూయించింది.

తర్వాత అమ్మ చూపు దెబ్బతింది. ఒక కన్ను చిన్నప్పటినుంచీ అంతంతమాత్రమే, పని చేసే రెండో కంటికి శుక్లం కమ్మింది. అక్షరాలు అలుక్కుపోయాయి. అప్పట్నుంచి పత్రిక చదివి వినిపించే పని నాన్న నెత్తిన పడింది. ప్రతి ఆదివారం సాయంత్రం, తాను రాసినదాన్ని, తాను దిద్దినదాన్ని, ఇంకొకడి పేరుతో సహా తానే పైకి చదివేవాడు. “ఆహా, ఎంత బాగా చెప్పాడు” అని అమ్మ మెచ్చుకుంటుంటే పళ్లు కొరికేవాడు.

కంటి డాక్టరు ఆపరేషన్‌కు రోజు ఖాయం చేసింది. శుక్లం బాగా ముదిరిందనీ, ఇంకా నాన్చితే ఉన్న చూపుకే ముప్పనీ మొహమాటం లేకుండా చెప్పింది. సంచీ సర్దుకున్నాం, నేను సెలవు పెట్టాను. తెల్లారి అమ్మ మంచం మీంచి లేవకుండా, “నేను రాను. కలలో పిల్లి కనబడింది, నా మొహంలోకే చూస్తోంది” అంది.

“అయితే ఏంటి?” అన్నాను.

“ఏంటంటావేమే? పిల్లి కనబడితే కంటికి సంబంధించిన పనులు వాయిదా వేసుకోవాలి. పత్రికలో రాశారు. నాకు బాగా గుర్తు.”

నాన్నకూ గుర్తే. ఎప్పుడో ఒక వారం పేజీ అడుగున ఒక వాక్యం పట్టేంత ఖాళీ వచ్చింది. కుటుంబ సౌఖ్యం అప్పటికే పైన వాడేశాడు. ఆ రోజు తన కళ్లు మండుతున్నాయి కాబట్టి పిల్లిని, కంటిని కలిపి ఆ వాక్యం రాసి ఖాళీ పూడ్చాడు. ఆ మాటే అమ్మతో చెప్పాడు. ఒట్టు వేశాడు, బతిమాలాడు, చివరికి అరిచాడు. అమ్మ తొణకలేదు. “నన్ను బల్లెక్కించడానికి ఎన్ని కతలైనా చెప్తారు” అంది. ఆపరేషన్ రోజు ఆ గొడవలోనే గడిచిపోయింది. ఫోన్‌లో డాక్టరు నన్ను చెడామడా తిట్టి ఇంకో రోజు ఇచ్చింది. అమ్మ మీద కోపం నాన్న మీద చూపించాను, ఆయన మీద కోపం గిన్నెల మీద.

నాన్న ఆఫీసుకు వెళ్లి ఆ వారం శీర్షికలో మళ్లీ పిల్లిని పెట్టాడు. ‘పిల్లి సూటిగా చూస్తే కంటి వైద్యానికి అంతకు మించిన శుభ శకునం లేదు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తానే దిద్ది, తానే కంపోజింగ్‌కు ఇచ్చి వచ్చాడు. ఇంటికొచ్చి, “ఇక చూడు” అన్నాడు నాతో. పాపం, అంత ఉత్సాహంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం పత్రిక విప్పితే పిల్లి లేదు. ఆఖరి నిమిషంలో మిక్సీ ప్రకటన వచ్చిందట, సంపాదకుడు శీర్షికను సగానికి కోశాడు. మిగిలిన సగంలో ఏనుగు ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని, “చదవండి మరి” అంటోంది. నాన్న నా వైపు చూశాడు. తర్వాత ఏనుగు మీద వేలు పెట్టి పిల్లిని చదివేశాడు. తాను రాసిందంతా పొల్లు పోకుండా అప్పజెప్పి, చివర ‘వాయిదా వేస్తే ఫలితం దక్కదు’ అని కొసరు కూడా కలిపాడు. అమ్మ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. “నాకోసమే రాసినట్టుంది” అంది. నేను కిక్కురుమనలేదు. గట్టెక్కామని లోపల్లోపల సంబరపడ్డాను కూడా, దాచడం ఎందుకు?

అంత మంచి మాట ఒక్కసారి వింటే అమ్మకు చాలలేదు. మర్నాడు పత్రిక పట్టుకుని పక్కింటి టీచరమ్మ దగ్గరికి వెళ్లింది, పిల్లి గురించి ఇంకోసారి చదవమంది. టీచరమ్మ పేజీ అటూ ఇటూ తిప్పి, “ఇందులో పిల్లి లేదండీ. ఏనుగుంది, దాని కింద మిక్సీ ఉంది” అందట.

అమ్మ గోడ పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అప్పుడే నాన్నా నేనూ భోజనానికి కూర్చున్నాం. పత్రిక నాన్న ముందు పెట్టింది.

“పిల్లి ఎక్కడుందో చూపించండి.”

“నీ మంచికేనే” అన్నాడు నాన్న.

“నా మంచికే! కళ్లు కనబడనిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, లేని మాటలు చదివారు. నేను గుండెల మీద చేతులు పెట్టుకుని విన్నాను. మీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారా?”

“నవ్వలేదమ్మా” అన్నాను. అది నిజమే, కానీ నా గొంతే నాకు దొంగగొంతులా వినిపించింది.

“ఇన్నాళ్లూ ఏం చదివారో, అందులో ఏం కలిపారో నాకెలా తెలుస్తుంది? నా తమ్ముడి ఉత్తరాలు మీరే చదివారు. డాక్టరు చీటీలు మీరే చదివారు.” అమ్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. “పిల్లీ వద్దు, ఏనుగూ వద్దు. ఆ ఆపరేషనేదో చేయించండి. ఇక నాకు ఎవరూ ఏదీ చదివిపెట్టక్కర్లేదు, నేనే చదువుకుంటాను.”

మేమిద్దరం కోరుకున్నది అదే. కోరుకున్నది దొరికాక ఎవరికీ ముద్ద దిగలేదు. నాన్న చేయి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ రోజు నర్సు ఒప్పుకోలు కాగితం తెచ్చింది, చదివి సంతకం పెట్టమంది. అలవాటు కొద్దీ నాన్న చేయి చాచాడు. అమ్మకు ఎలా తెలిసిందో ఏమో, కాగితాన్ని ఒళ్లోకి లాక్కుని, “నువ్వు చదవవే” అంది నాతో. “ఉన్నదున్నట్టు చదువు. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను.”

చదవడం మొదలుపెట్టాను. మత్తు గురించి ఉంది, ఖర్చుల గురించి ఉంది. ఆ కింద, అరుదుగానైనా చూపు పూర్తిగా పోయే ప్రమాదం ఉందని ఒక వాక్యం ఉంది. అక్కడ ఆగాను. దాటేద్దామనిపించింది. నాన్న నా వైపే చూస్తున్నాడు.

“చదువు” అంది అమ్మ.

చదివాను. అమ్మ చివరిదాకా విని, సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడికి తన వేలు పట్టుకెళ్లమంది.